బళ్లారి ఎండలో దీవి నత్తలు

జంతుశాస్త్రం చెప్పడానికి ఉద్యోగంలో చేరినదాన్ని. ముప్పై ఏళ్లకు పైగా అదే చెప్పాను. ప్రిన్సిపాళ్లకు భయపడలేదు, తనిఖీ బృందాలకు భయపడలేదు, ఆఖరికి బీయస్సీ రెండో సంవత్సరం వెనక బెంచీలకు కూడా భయపడలేదు. నా సర్వీసు మొత్తంలో గుండె అరచేతిలో పెట్టుకుని బతికిన కాలం ఒక్కటే. చింతగింజంత నత్తలను సాకిన కాలం. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న అమ్మాయిలూ అబ్బాయిలూ, మీ ఆర్డరు కాగితంలో రాయని పని ఒకటి ఎప్పుడో ఒకప్పుడు మీ నెత్తిన పడుతుంది. నా నెత్తిన పడినది ఎలాంటిదో చెబుతాను, వినండి.

సునామీ వచ్చిపోయి ఏడాది దాటింది. బళ్లారిలో అప్పుడు ఇనుప ఖనిజం జోరు. సండూరు కొండల నుంచి లారీలు ఆగకుండా దిగుతుండేవి. దండెం మీద ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి గులాబీ రంగుకు తిరిగేది. అలాంటి ఊళ్లో, చేతుల్లో థర్మకోల్ పెట్టెతో నా పాత సహాధ్యాయి రైలు దిగాడు. నాతో ఎమ్మెస్సీ చదివి, అండమాన్ వైపు ఒక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా స్థిరపడ్డవాడు. ఊరికి ఉత్తరాది పెళ్లికొడుకు వచ్చినట్టు మా డిపార్ట్‌మెంటంతా చుట్టూ చేరింది.

పెట్టెలో తడి నాచు. నాచు మీద ఆకులు. ఆకుల అడుగున అంటుకుని నత్తలు. పెద్దది చింతగింజంత, పిల్ల ఆవగింజంత. పల్చటి టీ డికాక్షన్ రంగు గుల్ల. వాటి ప్రజాతి పేరు లాటిన్‌లో బారెడు ఉంటుంది. మా అటెండరు ఒకసారి పలకబోయి, నాలుక మడతపడి, "దీవి నత్త" అని పేరు పెట్టేశాడు. అదే నిలిచిపోయింది.

ఆ ప్రజాతికి భూమ్మీద కొన్ని దీవులు తప్ప వేరే చోటు లేదని మిత్రుడు చెప్పాడు. ఒక్కో దీవిలో ఒక్కో జాతి. వానాకాలంలో మన గోడలెక్కే నత్తల్లా ఆకును కొరికి తినవు. ఆకు మీద పట్టిన పాచి పొరను నాకి బతుకుతాయి. ఈ పెట్టెలోవి ఒక చిన్న దీవిలో, తీరం పక్క పల్లపు అడవిలో ఉండేవి. సముద్రం ఆ అడవిలోకి వచ్చింది, వెనక్కి పోలేదు. చెట్లు నిలబడినవి నిలబడినట్టే చచ్చిపోయాయి. ఒక దిబ్బ మీద మాత్రం కొన్ని చెట్లు పచ్చగా మిగిలితే, వాటి ఆకులు తిరగేసి ఈ నత్తలను ఏరుకొచ్చారు. ఒకచోట ఉంచితే ఒక్క రోగంతో అన్నీ పోతాయని మూడు భాగాలు చేశారు. ఒక భాగం దీవిలోని ప్రయోగశాలలో, రెండోది తూర్పు తీరాన ఒక సంస్థలో. మూడోది మాకు.

"బళ్లారికా?" అన్నాను. "నీకేమన్నా మతిపోయిందా? ఈడ మనుషులకే గొంతు తడారిపోతాండాది."

"అందుకే తెచ్చాను. ఇక్కడ నత్తలు బతకవు. కాబట్టి నత్తల రోగాలు కూడా లేవు. నాకు ఒక్క చల్లటి గది ఇవ్వు, చాలు."

వాదనలో నాకేమీ తప్పు కనబడలేదు. బళ్లారిలో చల్లటి గది అంటే కరెంటు అని, కరెంటు అంటే దేవుడి దయ అని అప్పుడు తట్టలేదు.

నాకంటే ముందు ఒప్పుకున్నది మా డిపార్ట్‌మెంటు హెడ్డు. ఆయన గురించి చెప్పకుండా ఈ కథ నడవదు. కూరెకుప్ప దగ్గర పాత తెలుగు రైతు కుటుంబం వాళ్లది. ఆరడుగుల మనిషి. ఊరంతా మట్టిరంగు బట్టలకు మారిపోయినా ఆయన మాత్రం రోజూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలోనే వచ్చేవాడు. అది పంతం. వాళ్ల తమ్ముడు ఇంటి పక్క జొన్నచేనును ఖనిజం కుప్పలు పోసే యార్డుగా మార్చి, లారీల తూకానికి కాటా పెట్టించాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. "ఆ యార్డులో కాలు పెట్టను, ఆడ కాఫీ కూడా తాగను" అని ఈయన స్టాఫ్‌రూములో అందరి ముందూ అన్నాడు. అలా అని ఊరికి పోవడమే మానేశాడు.

ఆ మనిషి నత్తల ముందు మాత్రం చంటిపిల్లల తండ్రి అయిపోయేవాడు. గాజు పెట్టెకు ముక్కు ఆనించి, "ఏందప్పా, రాత్రి నిద్ర బాగా పట్టినాదా?" అని పలకరించేవాడు. నేను నవ్వితే, "నవ్వొద్దమ్మా. వాటికి ఊరు లేకుండా పాయె. పలకరించేదానికన్నా ఒకరు ఉండల్ల గదా" అనేవాడు.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఏసీ గది, పొద్దున సాయంత్రం నీటి తుంపర, సున్నం కోసం కోడిగుడ్డు పెంకుల పొడి. మా చర్చి ఆవరణలోని నేరేడు ఆకులు కోసుకొచ్చి ఎర్రదుమ్ము పోయేదాకా కడిగి, పాచి పట్టించి పెట్టేవాళ్లం. కష్టం పనిలో లేదు, ఎదురుచూపులో ఉంది. నత్త కుక్కలా మొరగదు, చంటిపిల్లలా ఏడవదు. బాగుందో లేదో చెప్పదు. కదలకుండా ఉంటే నిద్రపోతోందో, చచ్చిపోయిందో తెలియదు. చచ్చినది ఆకు నుంచి ఊడి కింది గాజు మీద పడుతుంది. టిక్కుమని ఒక శబ్దం. ఆ శబ్దం కోసం చెవులు రిక్కించి పాఠాలు చెప్పాను. ఇంట్లో ఫ్యాను ఆగితే లేచి కూర్చునేదాన్ని. మా ఆయన, "నన్ను కూడా ఇంత బాగా ఎప్పుడూ చూసుకోలేదు" అనేవాడు.

ఒక ఆదివారం ఉండబట్టలేక చర్చిలో ప్రార్థన విన్నపాల పెట్టెలో నత్తల కోసమని చీటీ వేశాను. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకుని చదివి, సంఘమంతటి చేతా నత్తి ఉన్నవారి కోసం కన్నీటితో ప్రార్థన చేయించారు. మోషేకు కూడా నత్తి ఉండేదని గుర్తు చేశారు. నేను తల వంచుకుని ఆమెన్ అన్నాను. నా నత్తలను ఎవరు ఏ పేరున తలచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

అసలు రోజు మే నెలలో వచ్చింది.

మా కాలేజీ వీధి ట్రాన్స్‌ఫార్మరు పెద్ద శబ్దంతో కాలిపోయింది. కొత్తది రావడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారు. ఇన్వర్టరు ఒక పూట గడిపింది. మర్నాడు పొద్దున్నే తలుపు తీసేసరికి గది వెచ్చగా ఉంది. నత్తలన్నీ ఆకుల నుంచి దిగి, గాజు గోడల పైమూలల్లో గుంపుగా అతుక్కుని ఉన్నాయి. పెద్ద హోటలుకు ఫోను చేశాను. రూములన్నీ ఖనిజం కొనేవాళ్లతో నిండిపోయాయట. లాడ్జీ ఒకటి దొరికింది గానీ, పెట్టెలో ఏముందని మేనేజరు అడిగితే నేను నిజం చెప్పాను. "బయట్నించి నాన్‌వెజ్జు లోపలికి తేకూడదమ్మా" అన్నాడు.

హెడ్డుకు దోణిమలై గుర్తొచ్చింది. అక్కడి టౌన్‌షిప్పు స్కూల్లో ఆయన క్లాసుమేటు ఒకాయన పనిచేసేవాడు. గనుల టౌన్‌షిప్పు కాబట్టి కరెంటు పోదు. పైగా కొండ, నాలుగు చెట్లు. క్లాసుమేటు వెంటనే రమ్మన్నాడు. ఐసు ఫ్యాక్టరీలో ఐసు తీసుకుని, థర్మకోల్ పెట్టె అడుగున పరిచి, పైన గుడ్డలు మందంగా వేసి, వాటి మీద నత్తల డబ్బాలు పెట్టాం. పెట్టె లోపల వేడి ఎంతో చూపించే వైరు థర్మామీటరు మూతలోంచి బయటికి తీసి నా చేతిలో ఉంచుకున్నాను. ముప్పై దాటకూడదు. హెడ్డు పాత మారుతి వ్యానులో బయల్దేరాం. పెట్టె నా ఒళ్లో ఉంది.

తోరణగల్లు ఇంకా కొంత దూరం ఉందనగా వ్యాను ఆగిపోయింది. ముందు ఎక్కడో టిప్పరు బోల్తాపడి రోడ్డంతా ఖనిజం పోసిందట. మా ముందు లారీలు, వెనక లారీలు, కుడి పక్కన దారి తప్పి ఎదురొచ్చిన లారీలు. డ్రైవర్లు దిగి లారీల నీడలో తువ్వాళ్లు పరుచుకుని పడుకున్నారు. పడుకున్నారంటే అర్థమైంది, ఇది గంటల వ్యవహారమని.

వ్యానుకు ఏసీ లేదు. అద్దాలు దించితే ఎర్రదుమ్ము, ఎత్తితే కొలిమి. థర్మామీటరు అంకె ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పెట్టె అడుగు నుంచి ఐసు నీళ్లు కారి నా చీర తడిసిపోయింది. మూత కొంచెం ఎత్తి చూశాను. ఒక్కటీ కదలడం లేదు. గుల్ల నోటికి అడ్డంగా పల్చటి తెల్లపొర కట్టుకుని డబ్బా గోడలకు అతుక్కుపోయాయి. ఎండ తగిలితే నత్త అలా తలుపు వేసుకుంటుంది. మెట్ట నేలల నత్తల తలుపు గట్టిది, నెలల తరబడి నిలుస్తుంది. ఈ దీవి నత్తలకు ఏడాది పొడుగునా వానే. అందుకే వాటి తలుపు ఉల్లిపొరంత. అది ఎంతసేపు ఆగుతుందో ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

"నీళ్లు చల్లుదామమ్మా" అన్నాడు హెడ్డు. "ఎండిపోతాండాయి."

"వద్దు సార్. ఇప్పుడు తడిపితే వాన వచ్చిందనుకొని బయటికొస్తాయి. ఈ వేడికి బయటికొచ్చినాయంటే ఉడికిపోతాయి."

"లోపలే ఉండి సచ్చిపోతే?"

ఆయన నీళ్ల సీసా మూత తీశాడు. నేను పెట్టె మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను. పన్నెండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఎప్పుడూ ఎదురు చెప్పినదాన్ని కాదు. ఆయన నా చేతుల వైపు చూసి, సీసా మూత మళ్లీ బిగించాడు. అప్పుడు నాకు ధైర్యం రాలేదు, ఇంకా భయం వేసింది. ఇక చస్తే నా మాట మీద చస్తాయి.

కాసేపటికి అడిగాను. "సార్, కూరెకుప్ప ఈడికి ఎంత దూరం?"

ఆయనకు అర్థమైంది. "వద్దమ్మా."

"మీ తమ్ముడి యార్డులో కరెంటు ఉంటాదా?"

"జనరేటరు ఉండాదంట. ఏసీ గూడా పెట్టినాడంట, రాయి కొనేవాళ్లు వస్తే కూచునేదానికి. చెప్పినోళ్లు చెప్పినారు." అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నేను మాత్రం అడగను."

"మీరు అడగొద్దు సార్. నంబరు చెప్పండి, నేను అడుగుతా."

అంకె ఇరవై తొమ్మిది దాటింది. నేను దాన్ని ఆయన వైపు తిప్పాను. ఆయన ఫోనులో తమ్ముడి నంబరు లేదు. కానీ నోటికి వచ్చు. గడగడా చెప్పాడు. నేను నొక్కి చెవి దగ్గర పెట్టుకోబోతుంటే నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"రేయ్, నేనురా."

అవతల జనరేటరు హోరు. తర్వాత, "చెప్పు అన్నా" అని వినబడింది.

"తోరణగల్లు దావలో నిలబడిపోయినాము. నా దగ్గర కొన్ని ప్రాణాలు ఉండాయి. చల్లగ ఉండే చోటు కావల్ల."

"ఎవరికేమాయె? వదినకా?"

"వదిన కాదు. నత్తలు."

"నత్తలా?"

"ఊఁ."

నేను కళ్లు మూసుకున్నాను. "యాడుండావో గుర్తు చెప్పన్నా. వస్తాండా."

మెయిన్ రోడ్డు వదిలి, చేను గట్ల మీదుగా మోటారు సైకిలు మీద వచ్చాడు. కనుబొమల దాకా ఎర్రమట్టి, అన్నలాంటి ఎత్తు. అన్నను ఒకసారి చూశాడు, నన్ను చూశాడు, పెట్టెను చూశాడు.

"మేడమ్మా, మీరు ఎక్కండి. అన్నా, నువ్వు గూడా రా. బండి ఈడనే ఉండనీ."

"నడిదావలో బండి ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేదిరా? నువ్వు ముందు మేడమ్మను పిలుచుకొని పో. జతన, పెట్టె జాగ్రత్త."

తడిసిన చీరతో, పక్కకు తిరిగి కూర్చుని, రెండు చేతులతో పెట్టెను పొదివి పట్టుకున్నాను. పట్టుకోవడానికి నాకు మూడో చెయ్యి లేదు. గట్టు మీద బండి ఎగిరినప్పుడల్లా నా ప్రాణం ఎగిరింది.

"నెమ్మదిగా పోప్పా, అల్లాడకూడదు!"

"కోడిగుడ్లు తెచ్చినట్ల తెస్తాండా మేడమ్మా. భయపడొద్దు."

యార్డు అంటే ఎర్ర కొండలు. మధ్యలో కాటా, దాని పక్కన చిన్న గది. అద్దాల కిటికీ, లోపల ఏసీ గుయ్యిమంటోంది. నలుగురైదుగురు వ్యాపారులు టీ తాగుతూ బేరాలాడుతున్నారు. తమ్ముడు తలుపు తోసి, "లేయండప్పా, లేయండి. అందరూ బయటికి. జల్దీ" అన్నాడు.

"క్యా హువా?" అన్నాడొకాయన గ్లాసు పట్టుకుని.

"ఆస్పత్రి కేసు" అన్నాడు.

లోపల చలి వణికిస్తోంది. ఆ వేడిలోంచి ఒక్కసారి ఈ చలిలో పెట్టినా ప్రమాదమే. ఏసీ తగ్గించమన్నాను. ఆయనకు రిమోటులో తగ్గించే మీట ఎక్కడుందో తెలియదు. కొన్నప్పటి నుంచి దాన్ని తగ్గించినవాళ్లు లేరట. ఇద్దరం కలిసి కనిపెట్టాం. పెట్టె మూత వేలెడు తెరిచి, ఇంకొంచెం తెరిచి, మెల్లమెల్లగా గది చల్లదనాన్ని లోపలికి రానిచ్చాను. థర్మామీటరు అంకె దిగడం మొదలుపెట్టాక గానీ నేను కుర్చీలో కూర్చోలేదు.

బాగా పొద్దు వాలాక హెడ్డు వచ్చాడు. వ్యానును ఎవరో డ్రైవరుకు అప్పగించి చేలకు అడ్డంగా నడిచి వచ్చాడు. కిటికీలోంచి చూస్తున్నాను. గేటు దగ్గర ఆగాడు. ఒకప్పుడు తాను నాగలి పట్టిన చేను అది. కాసేపు ఎర్ర కుప్పల వైపు చూసి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఎందుకు విడిచాడో నేను అడగలేదు. తెల్ల చొక్కా ఎర్రబారింది. తమ్ముడు చెంబుతో నీళ్లిచ్చాడు. ఆయన తాగాడు. ఇద్దరూ పెట్టె మీదికి వంగారు.

"బతికినాయా అన్నా?"

"తెలీదురా."

గది చల్లబడ్డాక నేను తెచ్చుకున్న నీళ్లు తుంపరగా కొట్టాను. ఏ తలుపూ తెరుచుకోలేదు. మళ్లీ కొట్టాను. ఏమీ లేదు. టిక్కుమని ఒకటి పడింది. కాసేపటికి ఇంకొకటి.

ఆ రాత్రి తమ్ముడి ఇంట్లో పడుకున్నాను. పడుకున్నానని చెప్పడమే. మర్నాడంతా ఆ కాటా గదిలో కూర్చున్నాను. అప్పుడు గమనించాను. ఖనిజం లారీ కాటా ఎక్కినప్పుడల్లా గది మొత్తం వణుకుతోంది. వణికినప్పుడల్లా పట్టు వదులైన నత్తలు ఊడిపడుతున్నాయి. చచ్చి పడుతున్నాయా, బతికే పడుతున్నాయా? తీసి చూడాలంటే ఆ పొర చింపాలి. చింపితే బతికున్నది కూడా చస్తుంది.

హెడ్డు బయటికి వెళ్లాడు. ఫోను తర్వాత తమ్ముడితో ఆయన తనంతట తానే కదిపిన మొదటి మాట అదే అనుకుంటాను.

"లారీలు ఆపేది అవుతాదేంరా?"

తమ్ముడు తల గోక్కున్నాడు. గేటు బయట లారీల వరుస. నాకు సిగ్గుగా అనిపించింది, వద్దని చెప్పడానికి లేచాను కూడా.

"ఎంతసేపు ఆపల్లన్నా?"

"తెలీదు."

"ఆయ్తు, అట్లనే కానీ. పక్క యార్డు కాటాకు పంపిస్తా."

డ్రైవర్లు తిట్టుకుంటూ లారీలు వెనక్కి తిప్పారు. పక్క యార్డు ఆసామి గేటు దాకా వచ్చి, "ఏందప్పా, నత్తల కోసం కాటా బంద్ చేసినావంట!" అని పకపకా నవ్వాడు. "మా అన్నవి లేప్పా" అని మాత్రం అన్నాడు ఈయన.

యార్డులో మొదటిసారి నిశ్శబ్దం. జనరేటరు హోరు తప్ప ఏమీ లేదు. నేను తుంపర కొడుతూ కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనం వచ్చింది, ముట్టలేదు. నా కళ్లు మూతలు పడుతున్నాయి. కాటా గుమస్తా, అంతవరకూ మమ్మల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూసినవాడు, డబ్బా దగ్గర వంగి, "మేడం, కొమ్ములు, కొమ్ములు!" అని అరిచాడు.

ఒక మూలన ఉన్న చిన్న నత్త. పొర చిరిగి పక్కకు వేలాడుతోంది. లోపల్నించి నీరుల్లి కాడ మొనంత కొమ్ము ఒకటి బయటికొచ్చి, గాలిని తడిమి, మళ్లీ లోపలికి పోయింది. మళ్లీ వచ్చింది. ఈసారి రెండు కొమ్ములు. హెడ్డు తమ్ముడి భుజం పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి చాలాసేపు తీయలేదు.

సాయంత్రానికి ఇంకొన్ని తెరుచుకున్నాయి. దాదాపు సగం తెరుచుకోనే లేదు. ఊడిపడినవాటిలో కూడా కొన్ని లేచి నడిచాయి. మిగిలినవాటిని గుడ్డలో మూటకట్టాను.

ఆ వారంలోనే దీవి నుంచి ఫోను వచ్చింది. జరిగినది అప్పటికి మిత్రుడికి చెప్పలేదు. ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు. తూర్పు తీరంలోని నత్తలన్నీ ఏదో పురుగు పట్టి పోయాయట. దీవిలో ఉన్నవి ముసలివి, గుడ్లు పెట్టడం మానేశాయట.

"నీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" అన్నాడు.

చెప్పాను. ఎందుకు అన్నే ఉన్నాయో కూడా చెప్పాను.

"అయితే ఇక అవే" అన్నాడు.

ఫోను పెట్టాక నేను కాటా గదిలో నేల మీద కూర్చుండిపోయాను. రోడ్డు మీద ఆ వ్యానులో, ఒళ్లో పెట్టుకున్నది మూడో భాగం అనుకుని అంత భయపడ్డాను. అదే మొత్తమని తెలిసి ఉంటే పెట్టె పట్టుకోవడానికి నా చేతులు వచ్చేవి కావేమో. కొన్ని సంగతులు మనకు ఆలస్యంగా తెలియడమే మేలు.

కాలేజీలో కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చినా, వానలు పడేదాకా నత్తలను కదిలించడానికి నాకు ధైర్యం చాలలేదు. తమ్ముడు కాటాను కొంచెం అవతలికి జరిపించి, గదిని మాకు వదిలేశాడు. హెడ్డు రోజూ వ్యానులో వచ్చేవాడు. ఆ యార్డులో కాఫీ తాగనన్న మాట నిలబెట్టుకున్నాడు. జొన్నరొట్టె, వేరుశెనగ చట్నీ మాత్రం తమ్ముడి ఇంటి నుంచి వస్తే కాదనలేదు. జులైలో, నేరేడు ఆకుల కింద నాచులో, సగ్గుబియ్యంలో సగం కూడా లేని గుడ్లు కనబడ్డాయి. అప్పుడు కూడా నేను సంతోషపడలేదు. ఇక గుడ్ల గురించి భయపడడం మొదలుపెట్టాను.

తర్వాత కొన్నేళ్లకు కోర్టు ఉత్తర్వులతో గనులు ఆగిపోయాయి. లారీలు బారులు తీరి తుప్పు పట్టాయి. యార్డు మూసేసి, తమ్ముడు కౌల్ బజార్‌లో టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. మా నత్తలు మాత్రం పెరిగి, గాజు పెట్టెలు చాలనంత అయ్యాయి. దీవిలో ఆ దిబ్బ చుట్టూ మొక్కలు నాటారని, వదిలిపెట్టి చూద్దామని మిత్రుడు వచ్చాడు. వదిలినవేవో, అక్కడే పుట్టినవేవో తెలియడానికి ప్రతి గుల్ల మీదా ఒక చుక్క పెట్టాలి. తమ్ముడి కూతురి గోళ్ల రంగు తెచ్చి పెట్టాం. హెడ్డు అప్పటికి రిటైరయ్యాడు, గుండె జబ్బు. అయినా వచ్చి, అగ్గిపుల్ల మొనతో ఒక్కో గుల్ల మీదా ఎర్రచుక్క పెట్టాడు. "పోయి రండప్పా" అన్నాడు. ఆ చలికాలం దాటకముందే ఆయన పోయాడు.

దీవి నుంచి వచ్చే కబుర్లు బాగుండేవి కావు. చుక్కలున్న ఖాళీ గుల్లలు దొరుకుతున్నాయి. ఎలుకలు తింటున్నాయి. మొన్నటికంటే ఈసారి తక్కువ కనబడ్డాయి. ఫోను మోగితే తీయాలంటే భయంగా ఉండేది. రెండు వానాకాలాలు అలాగే గడిచాయి. నేనూ రిటైరయ్యాను.

ఒక మధ్యాహ్నం మిత్రుడి ఫోను వచ్చింది. అడవిలోంచి మాట్లాడుతున్నాడు, వాన చప్పుడులో సగం మాటలు వినబడలేదు. రెండోసారి అరిచి చెప్పాడు. చుక్క లేని నత్త దొరికిందట. ఒకటి కాదు, ఒకే ఆకు కింద మూడు.

ఇంట్లో ఎవరూ లేరు. ఆటో ఎక్కి కౌల్ బజార్‌కు పోయాను. తమ్ముడు దుకాణం ముందు ఎవరి బండికో టైరు బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏం మేడమ్మా, ఈ ఎండలో?"

"చుక్క లేనివి దొరికినాయంటప్పా. అంటే ఆడనే పుట్టినాయి."

అర్థమయ్యేదాకా ఒక క్షణం పట్టింది. చేతుల మసి తుడుచుకోబోయి, తుడుచుకోకుండానే మొహం తుడుచుకున్నాడు.

"ఏం పుట్టినాయప్పా?" అని బండి ఆసామి అడిగాడు.

"నత్తలు. కూచో, చెప్తా" అని అతనికి స్టూలు జరిపాడు. "మా అన్న లేడూ, కాలేజీలో పనిచేస్తా ఉండె..."

మొదలుపెట్టాడు. ఆయన చెప్పేదాంట్లో నత్తలు కోడిగుడ్డంత ఉన్నాయి. లారీలు హొసపేట దాకా నిలిచిపోయాయి. మోటారు సైకిలు నేనే నడిపాను. బతుకంతా తప్పులు దిద్దిన పంతులమ్మను, నోరు ఊరుకోదు కదా, దిద్దబోయాను. "అప్పుడు మా అన్న ఏమన్నాడో తెల్సా?" అంటూ ఆయన చేతిలోని పానా కింద పెట్టేశాడు.

నేను పక్కనున్న టైరు మీద కూర్చుని, కథ అయిపోయేదాకా విన్నాను.